పాలబండికి కూడా తనిఖీ కావలెను
(మోటారు సైకిలు మీద పాలు తెచ్చే సభ్యులకు ఒక పాఠము)



ఏ సంఘానికి తనిఖీకి వెళ్ళినా నేను మొదట అడిగేది సభ్యత్వ రిజిస్టరు. ఎవరు చేరినారు, ఎవరు మానుకొన్నారు, ఎవరి వాటా ధనం ఎంత అన్నది అందులో తెలుస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో ఆ రిజిస్టరు తిప్పుతుండగా ఒక పేరు మీద ఎర్ర సిరా గీత కనిపించింది. పక్కన "మరణించినారు. వాటా భార్య పేరున మార్చడమైనది" అని కార్యదర్శి వ్రాసినాడు. వయస్సు గడిలో 34 అని ఉన్నది.

ఏమైందని అడిగినాను. తెల్లవారుజామున రెండు క్యాన్ల పాలు మోటారు సైకిలు మీద తెస్తూ, మలుపులో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదికి ఎక్కి పడిపోయినాడట. ఒంటి మీద పెద్ద గాయం లేదు. ధాన్యం చుట్టూ పెట్టిన రాయికి తల తగిలింది. హెల్మెట్టు ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉన్నది.

ఆ సంఘాన్ని అంతకు ముందటి ఏడు తనిఖీ చేసినవాడిని నేనే. నగదు పుస్తకం చూచినాను, లాక్టోమీటరు చూచినాను, వెన్న శాతం పరీక్ష చేయించి చూచినాను. వాకిట్లో నిలిపిన మోటారు సైకిళ్ళ వైపు మాత్రం చూడలేదు. అది నా పని కాదనుకొన్నాను. పాలు తెచ్చే మనిషి క్షేమంగా ఉంటేనే సంఘం ఉంటుందన్న సంగతి ఆ ఎర్ర గీత చూచిన తరువాత గాని నాకు పట్టలేదు. అప్పటి నుండి ఏ సంఘానికి వెళ్ళినా సభ్యుల బండ్లు కూడా ఒకసారి చూచి, నాలుగు మాటలు చెప్పి వస్తున్నాను. ఆ మాటలనే ఇక్కడ ఒక క్రమంలో పెడుతున్నాను.

1. ఇది ఒక్క ఊరి సంగతి కాదు

పూర్వం పాలవారి బండి అంటే సైకిలు. తరువాత రాజ్‌దూత్, లూనా వచ్చినవి. ఇప్పుడు ప్రతి ఊరిలో ఎక్సెల్ బండ్లు, 100 సి.సి. మోటారు సైకిళ్ళు ఉన్నవి. సైకిలు మీద పడితే మోకాలు దోక్కుపోయేది. మోటారు సైకిలు మీద పడితే అంతటితో పోదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయినారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవారు. హెల్మెట్టు లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్టు నడిపేవానికే గాని వెనుక కూర్చున్న ఇల్లాలికి అక్కరలేదనుకొనే వారు ఈ చివరి అంకెను మరొకసారి చదువవలెను.

2. తొందరే మొదటి శత్రువు

మన సభ్యుల ప్రమాదాలు చాలా వరకు పాలు తెచ్చే వేళలలోనే జరుగుతున్నవి. కారణం వెదకనక్కరలేదు. గేదె ఆలస్యంగా చేపినా, దూడ తాడు తెంపుకొన్నా పది నిమిషాలు పోతుంది. అవతల పాల వ్యాను వెళ్ళిపోతుందన్న భయం. ఆ పది నిమిషాలను రోడ్డు మీద సంపాదించాలని చూస్తాము.

లెక్క వేసి చూడండి. ఇంటి నుండి కేంద్రానికి 4 కిలోమీటర్లు అనుకొందాము. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే 6 నిమిషాలు పడుతుంది. 60తో పోతే 4 నిమిషాలు. మిగిలేది 2 నిమిషాలే. కాని 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే ఎంత దూరంలో బండి ఆగుతుందో, 60లో దానికి నాలుగింతల దూరం కావలెను. వేగం రెట్టింపు అయితే ఆగే దూరం నాలుగింతలు అవుతుందన్నది బరువు మోసే ప్రతివాడూ గుర్తుంచుకోవలసిన సూత్రము. ఇది గాక, ఎదుట గేదె కనపడి, మనం చూచి, చేయి బ్రేకు మీదికి పోయే లోపల ఒక సెకండు గడుస్తుంది. 60 వేగంలో ఆ ఒక్క సెకండులో బండి 16 మీటర్లకు పైగా పోతుంది.

ఒక పూట పాలు వెనక్కు తెచ్చుకొంటే పెరుగు చేసుకోవచ్చును, వెన్న తీసుకోవచ్చును. మనిషిని వెనక్కు తెచ్చుకోలేము.

3. హెల్మెట్టు

హెల్మెట్టు మంచిదే అని అందరూ ఒప్పుకొంటారు. పెట్టుకోకపోవడానికి మూడు మాటలు చెబుతారు. ఉక్కపోస్తుంది, వెనుక హారను వినపడదు, ఊళ్ళోకే కదా. ఉక్కపోత నిజమే. గాలి ఆడే రంధ్రాలు ఉన్నదాన్ని ఎంచుకొని, లోపల పలుచని నూలు గుడ్డ వేసుకొంటే చెమట సమస్య చాలావరకు తీరుతుంది. హారను వినపడుతుంది, మీరే ఒకసారి పెట్టుకొని చూడండి. ఇక ఊళ్ళోకే అన్న మాటకు జవాబు ఆ రిజిస్టరులో ఉన్నది. అతను పడిన చోటు నుండి అతని ఇల్లు కనపడుతుంది.

ప్రపంచంలో అంతవరకు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2008లో వెలువరించిన ఒక సమీక్షలో, హెల్మెట్టు వల్ల మరణ భయం సుమారు 42 శాతం, తల గాయాల భయం సుమారు 69 శాతం తగ్గుతుందని తేలింది. ఇంత తక్కువ ఖర్చులో ఇంత రక్షణ ఇచ్చే వస్తువు మరొకటి లేదు.

కొనేటప్పుడు చూడవలసినవి:

(అ) ఐ.ఎస్.ఐ. గుర్తు. దాని వద్ద ఐ.ఎస్. 4151 అన్న ప్రమాణం అంకె, సి.ఎం./ఎల్. అన్న అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండవలెను. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లు అమ్మడం నిషేధము. రోడ్డు పక్కన దొంగ గుర్తు అంటించి అమ్మేవారు కూడా ఉన్నారు. ఇంట్లో చదువుకొన్న పిల్లల ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అన్న యాప్ పెట్టించి, ఆ లైసెన్సు నంబరు కొట్టి చూస్తే అసలు నకిలీ తేలిపోతుంది.

(ఆ) కొలత. కనుబొమల పైన ఒక అంగుళం ఎత్తులో తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకోండి. పెట్టుకొన్న తరువాత తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్టు కూడా తలతో తిరుగవలెను. వదులుగా ఉన్నది పడినప్పుడు ముందే ఊడిపోతుంది.

(ఇ) పట్టీ. గడ్డం కింద పట్టీ బిగించకపోతే హెల్మెట్టు పెట్టుకోనట్లే. పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు చాలును.

(ఈ) ముందరి అద్దం తెల్లగా ఉండవలెను. తెల్లవారుజామున, రాత్రి నల్ల అద్దం పనికిరాదు. గీతలు పడిన అద్దం మీద ఎదుటి బండి వెలుగు పడితే ఏమీ కనపడదు. అద్దం వేరుగా దొరుకుతుంది, మార్చుకోండి.

హెల్మెట్టు లోపల థర్మాకోల్ వంటి ఒక పొర ఉంటుంది. దెబ్బను మింగేది అదే. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే ఆ పొర నలిగిపోతుంది. పైకి బాగానే కనపడినా మరొక దెబ్బకు పని చేయదు. కాబట్టి ప్రమాదంలో వాడిన హెల్మెట్టును తమ్మునికి ఇవ్వవద్దు, పగులగొట్టి పారవేయండి. పెట్రోలుతో తుడవవద్దు, ఆ పొర కరుగుతుంది. సబ్బు నీళ్ళు చాలును. మందమైన తలపాగా మీద హెల్మెట్టు నిలువదు, పాగా తీసి పెట్టుకోవలెను. గనులలో, కట్టడాల పనిలో పెట్టుకొనే టోపీ బండికి పనికిరాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం నడిపేవారికీ, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్టు తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం తప్పితే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు ఉన్నవి. కాని పోలీసు నిలబడే కూడలి వరకు చేతికి తగిలించుకొని, అక్కడ తలకు పెట్టుకొనేవారిని నేను చూస్తున్నాను. పోలీసు మన తలకు కాపలా కాదు.

4. బట్టలు, పాదరక్షలు

లుంగీ, పంచె గొలుసులోకి, చక్రంలోకి పోతవి. బండి మీద పాలు తెచ్చేటప్పుడు ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా మంచిది. మందపు గుడ్డ అయితే పడినప్పుడు చర్మం ఊడకుండా కాస్తుంది. హవాయి చెప్పులు గేరు వేసేటప్పుడు, కాలు ఆనించేటప్పుడు జారుతవి. మడమ, వేళ్ళు మూసే బూట్లు వేసుకోండి. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులు ఆనిస్తారు. కనుక చేతి తొడుగులు ఉంటే పాలు పితికే చేయి దక్కుతుంది.

ఉదయం మసకలో నల్ల దుప్పటి కప్పుకొని పోయేవాడు లారీ డ్రైవరుకు కనపడడు. తెలుపు, పసుపు రంగు వేసుకోండి. క్యాన్లకు వెనుక వైపు వెలుగు పడితే మెరిసే ఎర్ర స్టిక్కరు అంటించండి. దీని ఖర్చు చాలా తక్కువ.

స్త్రీలు వెనుక కూర్చున్నప్పుడు కొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకోవలెను. వెనుక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే చీర గార్డు, పట్టుకొనే పిడి, పాదం ఆనించే మెట్టు ఉండాలని నిబంధన ఉన్నది. క్యాన్లు కట్టడానికి అడ్డమని చీర గార్డు విప్పించి పారవేసిన బండ్లు నేను చాలా చూచినాను. క్యాన్ల స్టాండు వేరుగా కట్టించుకొని గార్డు ఉంచుకోవలెను.

5. క్యాన్లు కట్టే పద్ధతి

ఒక లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతవి. రెండు 20 లీటర్ల క్యాన్లు నిండుగా ఉంటే పాలే 41 కిలోలు. పైన క్యాన్ల బరువు, ఇనుప స్టాండు బరువు. అంటే వెనుక ఒక మనిషి కూర్చున్నంత బరువు. ఆ పైన మరొక మనిషిని ఎక్కించుకోవద్దు.

(అ) రెండు పక్కల బరువు సమానంగా ఉండవలెను. ఒక్క క్యానే ఉంటే పక్కకు వేలాడదీయకుండా సీటు వెనుక మధ్యలో నిలిపి కట్టండి.

(ఆ) సగం నిండిన క్యానులో పాలు ఊగుతవి. మలుపులో బండి ఒక పక్కకు వాలితే పాలు కూడా ఆ పక్కకే తోస్తవి. రెండు క్యాన్లు సగం సగం తెచ్చేకంటె ఒకటి నిండుగా తెచ్చి మధ్యలో కట్టుకోవడం మేలు.

(ఇ) హ్యాండిలుకు క్యాను తగిలించడం పూర్తిగా మానుకోవలెను. గుంటలో పడగానే హ్యాండిలును అదే తిప్పివేస్తుంది.

(ఈ) పాత ట్యూబు రబ్బరుతో కడితే సాగుతుంది. ఇనుప స్టాండులో దించి, గట్టి తాడుతో బిగించి, తాడు చివరలు లోపలికి దోపండి. వేలాడే తాడు చక్రానికి చుట్టుకొంటుంది.

(ఉ) వెనుక ఎర్రదీపం, పక్క దీపాలు, నంబరు పలక క్యాన్ల వెనుక దాగిపోకూడదు.

బరువు ఉన్నప్పుడు వెనుక టైరులో గాలి కొంచెం ఎక్కువ ఉండవలెను. ఎంత అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బరువుతో బండి నెమ్మదిగా ఆగుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది. ఖాళీ బండితో తిరిగే మలుపును నిండు క్యాన్లతో అదే వేగంతో తిరుగబోతే తప్పక జారుతుంది.

6. రోజూ రెండు నిమిషాల తనిఖీ

పాలు పోసేముందు క్యాను కడిగినారా లేదా అని చూచుకొంటాము. బండిని కూడా అట్లే చూచుకోవలెను. గేదెలకు మేత వేసి వచ్చేటప్పుడు ఈ వరుసన చూడండి.

టైర్లు: గాలి తగ్గిందా, మేకు దిగిందా, పువ్వులు అరిగినవా. టైరు గాడిలో అరుగుదల గుర్తుగా ఒక చిన్న గట్టు ఉంటుంది. టైరు దానికి సమానంగా అరిగితే మార్చవలసినదే. బ్రేకులు: రెండూ పట్టి చూడండి. దీపాలు: ముందు, వెనుక, పక్క దీపాలు, బ్రేకు వేస్తే వెలిగే దీపం. గొలుసు: మరీ వదులైతే జారుతుంది, మరీ బిగువైతే తెగుతుంది. అద్దాలు: రెండూ ఉండవలెను. చాలామంది బండి కొన్న మరునాడే అద్దాలు విప్పి అటక మీద పెడుతున్నారు. వెనుక వచ్చే లారీని చూచుకొనేది వాటితోనే.

2019 ఏప్రిల్ నుండి అమ్మే కొత్త బండ్లకు, 125 సి.సి. వరకు రెండు బ్రేకులూ కలిసి పట్టే ఏర్పాటు గాని, అంతకు మించిన వాటికి చక్రం బిగుసుకోకుండా కాపాడే ఎ.బి.ఎస్. గాని తప్పనిసరి చేసినారు. పాత బండ్లు ఉన్నవారు రెండు బ్రేకులూ కలిపి వేయడం అలవాటు చేసుకోవలెను. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని వెనుకదే తొక్కుతారు. మంచి రోడ్డు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దానిని గుంజకుండా క్రమంగా పట్టవలెను. ఇసుక, ధాన్యం, బురద మీద మాత్రం ముందుగానే వేగం తగ్గించి, బ్రేకు ముట్టకుండా తిన్నగా దాటవలెను.

7. మన రోడ్లు, మన తప్పులు

గేదె ఒకటి రోడ్డు దాటితే వెనుక దూడ తప్పక వస్తుంది. ఆగండి. చెరకు ట్రాక్టర్లకు వెనుక దీపాలు ఉండవు. మంచు కురిసే రోజులలో మీ దీపం వెలుగు పడే దూరంలో ఆపుకోగల వేగంతోనే పోవలెను. ఎదురు బండి వస్తే దీపం దించండి. మొదటి వాన పడగానే రోడ్డు మీది నూనె తేలి జారుతుంది. నీటిలో దాటిన తరువాత బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా పట్టి ఆరనీయండి. వాగు పారుతుంటే దాటవద్దు. ఫోను వస్తే బండి ఆపి మాట్లాడండి. సాయంత్రం పాలు పోసి వస్తూ కల్లు పాక దగ్గర ఆగేవారు బండిని అక్కడే విడిచి నడిచి రావలెను.

ఇక కష్టమైన మాట చెబుతాను. ఆ రోజు రోడ్డు మీద ధాన్యం ఆరబోసినవారు కూడా ఆ సంఘం సభ్యులే. కావాలని చేసినవారు కారు. కల్లం లేదు, వాన మబ్బు పట్టింది. ధాన్యం ఎత్తుకొని పోయిన తరువాత కూడా రాళ్ళు రోడ్డు మీదే ఉంటవి. ఇది రాత్రి వచ్చేవానికి గోతి తవ్వినట్లే. రోడ్డు మీద ధాన్యం, కంప, జొన్న చొప్ప వేయవద్దని ప్రతి సంఘంలోను కట్టుబాటు చేసుకోవలెను. సంఘం ఆవరణలో, బడి మైదానంలో పంచాయతీ అనుమతితో వంతులవారీగా ఆరబోసుకొనే ఏర్పాటు చేసుకోవచ్చును. సహకారమంటే పాలు ఒకచోట పోయడం ఒక్కటే కాదు.

మరొకటి. 18 ఏళ్ళు నిండని పిల్లవాని చేత బండి మీద పాలు పంపడం. పరీక్షలకు చదివే పిల్లవాడు, ముద్దుగా నడుపుతాడని తండ్రి చెప్పుకొంటాడు. 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం దీనికి తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు.

8. కాగితాలు

ఆ 34 ఏళ్ళ సభ్యుని సంగతి ఇంకా పూర్తి కాలేదు. బండికి బీమా ఉన్నది. కాని అది అమ్మినవాని పేరు మీదనే ఉన్నది. బండి కొని రెండేళ్ళయినా పేరు మార్పించుకోలేదు. బీమా కార్యాలయానికి తిరిగి తిరిగి ఆ ఇల్లాలికి దక్కినదేమీ లేదు.

థర్డ్ పార్టీ బీమా అన్నది మన బండి వల్ల ఎదుటివారికి నష్టం జరిగితే ఇచ్చేది. మనకు కాదు. మన కోసం 'యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా' అని వేరే ఉన్నది. 2018 నుండి దాని మొత్తం 15 లక్షల రూపాయలు. అది రావాలంటే రిజిస్ట్రేషను, బీమా రెండూ బండి నడిపిన యజమాని పేరు మీదనే ఉండవలెను, అతనికి చెల్లుబాటు అయ్యే లైసెన్సు ఉండవలెను. పాత బండి కొన్నవారు 14 రోజులలో బీమా పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను. తండ్రి పోయిన తరువాత కూడా తండ్రి పేరు మీదనే బండి నడిపేవారు వెంటనే రవాణా కార్యాలయానికి పోవలెను. ఈ పాఠంలో మీరు రేపే చేయవలసిన పని ఏదైనా ఉన్నదంటే ఇదే. ఇంటికి పోయి ఆ కాగితాలు తీసి పేరు చూడండి.

9. ప్రమాదం జరిగితే

పడినవానిని లేపి కూర్చోబెట్టి సోడా తాగించడం మన అలవాటు. అది తప్పు. స్పృహ సరిగా లేనివానికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతవి. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మోటారు సైకిలు మీద తీసుకొని పోవద్దు. మెడ ఎముకకు దెబ్బ ఉంటే కాళ్ళు చేతులు పడిపోతవి. ముందు 108కు ఫోను చేయండి. వచ్చే బండ్లను ఆపండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్టు లాగవద్దు. తల, మెడ కదలకుండా పట్టుకోండి.

సాయం చేస్తే కేసులో ఇరుక్కొంటామన్న భయం అక్కరలేదు. సాయం చేసినవారికి చట్టం 134ఎ సెక్షనులో రక్షణ ఇచ్చింది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి, గుర్తించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదు కట్టకుండా వైద్యం పొందే వీలున్నది. మీ మండలానికి దగ్గరలో అటువంటి ఆసుపత్రి ఏదో కార్యదర్శి ముందే కనుక్కొని సంఘం గోడ మీద వ్రాయించవలెను.

10. సంఘం చేయగల పని

ఐ.ఎస్.ఐ. హెల్మెట్టు సుమారు ఒక 20 లీటర్ల క్యాను పాల ధరకు వస్తుంది. ఒకేసారి కట్టలేనివారి కోసం పాలకవర్గం తీర్మానం చేసి, మూడు దుకాణాల నుండి కొటేషన్లు తెప్పించి, టోకున కొని, పాల బిల్లులలో వాయిదాలుగా మినహాయించుకోవచ్చును. సభ్యుని అంగీకార పత్రం తప్పక తీసుకోవలెను, స్టాకు రిజిస్టరులో ఎక్కించవలెను. లేకపోతే తరువాతి తనిఖీలో నేనే ఆక్షేపణ వ్రాయవలసి వస్తుంది!

రెండవది, సేకరణ వేళలు స్థిరంగా ఉంచి, వ్యాను వచ్చే ముందు పది నిమిషాల వెసులుబాటు ఉండేటట్లు చూడవలెను. సభ్యునికి తొందర తగ్గితే సగం ప్రమాదం తగ్గినట్లే.

తరువాతి సభ్యుల సమావేశంలో ఈ ప్రశ్నలు చదివి అందరిచేత జవాబు చెప్పించండి:

1. మీ బండి రిజిస్ట్రేషను, బీమా ఎవరి పేరు మీద ఉన్నవి?
2. మీ ఇంట్లో ఎన్ని హెల్మెట్లు ఉన్నవి? బండి ఎక్కేవారు ఎందరు?
3. వేగం రెట్టింపు అయితే బండి ఆగే దూరం ఎన్ని రెట్లు అవుతుంది?
4. పడినవానికి నీళ్ళు ఎందుకు తాగించకూడదు?
5. మన ఊరి రోడ్డు మీద ఇప్పుడు ధాన్యం గాని, రాళ్ళు గాని ఉన్నవా? ఎవరు తీస్తారు?

నిరుడు మళ్ళీ ఆ సంఘానికి వెళ్ళినాను. ఆమె రోజుకు రెండు పూటలా పాలు పోస్తున్నది. ఆ సంఘంలో ఇప్పుడు హెల్మెట్టు లేనిదే పాలు తూచరు. అది ఏ ఉపనిబంధనలోను లేదు. సభ్యులు తామే పెట్టుకొన్న కట్టుబాటు. ఆ మలుపులో రాళ్ళు కూడా లేవు. మీ సంఘం రిజిస్టరులో ఎర్ర సిరా గీత పడకముందే ఆ కట్టుబాటు మీరు కూడా పెట్టుకోవాలని నా మనవి.